పగటి కునుకు: పసిబిడ్డ పక్క ఎలా ఉండాలి?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో పగటి నిద్ర సంగతే ఎక్కువగా ఉంది. రాత్రయితే బిడ్డకు ఒక చోటు, ఒక పద్ధతి ఉంటాయి. పగలు మంచం మీద కాసేపు, ఉయ్యాల్లో కాసేపు, తాత ఒళ్లో కాసేపు గడుస్తుంది. చోటు మారినప్పుడల్లా జాగ్రత్త కూడా కొంత జారిపోతుంటుంది. కింది జవాబులు ఏడాదిలోపు బిడ్డలకు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకో, గుండె, ఊపిరితిత్తుల జబ్బున్న బిడ్డకో మీ పిల్లల డాక్టరు వేరే మాట చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

ప్రశ్న: మా పాపకు మూడో నెల. పొద్దున స్నానం చేయించి పాలిస్తే రెండు గంటలు కదలదు. నాకు వంట చేసుకునే టైము అదే. డబుల్‌కాట్ నడిమధ్యన పడుకోబెట్టి నాలుగు వైపులా దిండ్లు పేరుస్తున్నాను. ఇంకా బోర్లా పడటం రాలేదు కదా, ఏం కాదులే అంటుంది మా అత్త. (కోవూరు)

దిండ్లు ముందు తీసెయ్యండి. బోర్లా పడటం రాని బిడ్డ కూడా మడమలు తన్నిపెట్టి జరుగుతుంది. అలా జరిగి దిండుకు మొహం ఆనిస్తే, వదిలిన గాలి దూదిలో చిక్కుకుని మళ్లీ అదే ముక్కులోకి వస్తుంది. ఊపిరి ఊపిరికీ అందులో ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మనకైతే ఉక్కిరిబిక్కిరై చటుక్కున మెలకువ వస్తుంది. పసిబిడ్డలో ఆ మెలకువ ఇంకా గట్టిపడదు, మొహం పక్కకు తిప్పుకునేంత బలం మెడకు ఉండదు. నిద్రలో ఉన్నట్టుండి జరిగే శిశుమరణాలు నెల నుంచి నాలుగు నెలల మధ్యే ఎక్కువ. దాదాపు 90 శాతం ఆరు నెలలలోపే జరుగుతాయి. మీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది.

పెద్దమంచంతో మరో రెండు చిక్కులున్నాయి. పరుపు మెత్తగా ఉంటుంది, మంచానికీ గోడకూ మధ్య సందు ఉంటుంది. కింద పడితే ఏడుపు వినిపిస్తుంది. సందులో ఇరుక్కుంటే అదీ వినిపించదు.

నేల మీద పక్క వేయండి. నేల ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బాగా ఆరాక చాప పరవండి. దాని మీద నూలు బొంత రెండు మడతలు చాలు. అరచేత్తో గట్టిగా నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. మిగిలితే ఒక మడత తగ్గించండి. పైన పాత పంచె పరిచి, అంచులు నాలుగు వైపులా చాప కిందికి లాగి దోపండి. వదులుగా వదిలేస్తే బిడ్డ కాళ్లు ఆడించేసరికి ముడతలన్నీ మొహం దగ్గరికి చేరతాయి. రబ్బరు షీటు వేసే అలవాటుంటే అది పంచె కింద పూర్తిగా దాగి ఉండాలి. పక్క చుట్టూ మూడడుగుల మేర దిండు, బొమ్మ, పాలిథిన్ కవరు, ఫోన్ ఛార్జరు వైరు, ఏవీ ఉండకూడదు. మన ఎండలకు దుప్పటి అక్కర్లేదు. వానాకాలం చలి అనిపిస్తే కప్పడం మానేసి ఇంకో పొర చొక్కా తొడగండి.

పక్కను వంటింట్లోంచి కనిపించే చోట, జనం నడిచే దారికి ఎడంగా వేయండి. తలుపు మూయొద్దు. పది, పదిహేను నిమిషాలకోసారి వెళ్లి మూడు చూడండి: ముక్కు, నోరు తెరిపిగా ఉన్నాయా, పెదాల రంగు మామూలుగా ఉందా, పొట్ట కదులుతోందా.

నేల మీదంటే చీమల భయం ఉంటుంది, న్యాయమే. చీమలు వచ్చేది పాల వాసనకు. పాలు తాగాక మెడ మడతలు, చెవి వెనక తడిగుడ్డతో తుడిచి, పాలు కారిన పంచె మార్చేస్తే చాలావరకు రావు. చీమల పొడి, చీమల చాక్‌పీసు బిడ్డ ఉన్న గదిలో వాడొద్దు. తేళ్లు తిరిగే పాత ఇళ్లలో మాత్రం నేల వద్దనే మేమూ చెబుతాం. అక్కడ కటకటాల చెక్కతొట్టి మేలు. కటకటాల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు, పరుపుకూ తొట్టి గోడకూ మధ్య రెండు వేళ్లకు మించి దూరకూడదు. తొట్టి కోళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టే పాత పద్ధతి చీమలకు ఇప్పటికీ పనిచేస్తుంది. నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ప్రశ్న: మా జేజి బాబును బోర్లా పడుకోబెట్టమంటుంది. గాఢంగా నిద్రపోతాడు, తల గుండ్రంగా వస్తుంది, పాలు కక్కినా పొలమారదు అంటుంది. వెల్లకిలా పెడితే పావుగంటకే లేస్తున్నాడు. పగలే కదా, పక్కనే ఉంటాం కదా. (గిద్దలూరు)

జేజి చెప్పిన మొదటి మాట నిజం. బోర్లా పడుకున్న బిడ్డ గాఢంగానే నిద్రపోతాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఊపిరి తక్కువైనప్పుడు లేవాల్సిన బిడ్డ లేవడు. వెల్లకిలా పడుకుని పావుగంటకోసారి కదిలి, మూలిగి, మళ్లీ సర్దుకునే నిద్రే ఈ వయసుకు తగిన నిద్ర. కదిలిన ప్రతిసారీ ఎత్తుకోకుండా రెండు నిమిషాలు ఆగి చూడండి, చాలాసార్లు తనే మళ్లీ పడుకుంటాడు.

రాత్రి వెల్లకిలా అలవాటైన బిడ్డను పగలు బోర్లా వేయడం మరీ ప్రమాదం. అలవాటు లేని భంగిమలో మొహం కిందికి వాలితే ఎలా తిప్పుకోవాలో వాడికి తెలియదు. రాత్రి తల్లి చూసుకుని పగలు ఇంకొకరు చూసుకునే ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. బిడ్డను అప్పగించేటప్పుడు పాల సంగతి చెప్పినట్టే ఇదీ నోరు తెరిచి చెప్పాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1992లో బోర్లా వద్దని చెప్పింది, 1994లో దేశమంతా ప్రచారం మొదలైంది. ఆ తర్వాత పదేళ్లలో నిద్రలో జరిగే ఈ మరణాలు సగానికి సగం తగ్గాయి.

పొలమారడం గురించి అందరికీ ఉన్న భయం తలకిందులుగా ఉంది. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా వేస్తే గాలిగొట్టం కిందికి వస్తుంది, పాలకు దారి సులువవుతుంది. పాలు తాగాక పది, పదిహేను నిమిషాలు భుజాన వేసుకుని త్రేన్పు వచ్చాక పడుకోబెట్టండి. పక్కకు తిప్పి పడుకోబెట్టడం కూడా వద్దు, పక్కనుంచి బోర్లా దొర్లడానికి క్షణం పట్టదు.

ఇక తల ఆకారం. మెలకువగా ఉన్నప్పుడు, ఎదురుగా మీరు కూర్చుని ఉండగా బోర్లా వేయండి. మొదట్లో రోజుకు రెండు మూడు సార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు. రెండో నెల వచ్చేసరికి అన్నీ కలిపి రోజుకు పదిహేను నిమిషాల నుంచి అరగంట కావాలి. మెడ బలపడేదీ దీనితోనే. బిడ్డ వెలుతురు వైపు, అమ్మ వైపు తల తిప్పుతాడు కాబట్టి ఇవాళ తల తూర్పుకు ఉంటే రేపు పడమరకు పెట్టండి. ఉత్తరానికి తల పెట్టరని పట్టింపు ఉన్న ఇంట్లోనూ దీనికి ఇబ్బంది లేదు. ఆవాల దిండు వద్దు. ఏడాదిలోపు బిడ్డకు ఏ దిండూ అక్కర్లేదు.

ప్రశ్న: దూలానికి చీర ఉయ్యాల కట్టాం. అందులో తప్ప ఎక్కడా పడుకోడు. మా పెద్దోడికి ఆరేళ్లు, వాడే ఊపుతుంటాడు. ఏమైనా ఇబ్బందా? (కావలి)

చీర ఉయ్యాల బిడ్డను నిద్రబుచ్చడానికి పనికొస్తుంది, గంటల తరబడి పడుకోబెట్టడానికి పనికిరాదు. చీరలో వీపు విల్లులా వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. పుట్టిన బిడ్డ గాలిగొట్టం వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లే. మెడ అంత ముందుకు మడిస్తే అది నొక్కుకుపోతుంది. పైగా రెండు అంచులూ మొహం మీద దగ్గరికొచ్చి మూసుకుంటాయి. బయట నుంచి చూస్తే బిడ్డ ముద్దుగా ఒదిగి ఉన్నట్టే కనిపిస్తాడు.

కాబట్టి ఊపండి, నిద్ర పట్టాక ఐదు పది నిమిషాలు ఆగండి. చేయి ఎత్తి వదిలితే వాలిపోతుంటే నిద్ర ముదిరినట్టు. అప్పుడు తీసి నేల పక్క మీద వేయండి. ముందు పిర్రలు ఆననివ్వాలి, తర్వాత వీపు, చివరికి తల. తల కింద చేయి వెంటనే లాగేస్తే ఉలిక్కిపడతాడు. రెండో చేయి ఛాతీ మీద ఉంచి, ఊపిరి నిదానించాక మొదటి చేయి మెల్లగా తీయండి. మొదటి వారం సగంసార్లు లేస్తాడు. పగలు ఒక్క నిద్రతో మొదలుపెట్టండి, అలవాటయ్యాక రెండోది.

ఊపడానికి కట్టే ఉయ్యాల కూడా సరిగా ఉండాలి. గట్టి నూలు చీరో పంచో కావాలి. సిల్కు, సింథటిక్ చీరలకు ముడి జారుతుంది, గాలీ ఆడదు. తల వైపు, కాళ్ల వైపు అడ్డకర్రలు పెడితే అంచులు విచ్చుకుని ఉంటాయి, మొహం కనిపిస్తుంది. అడుగు నేలకు అడుగున్నర ఎత్తులోపు ఉండాలి, కింద బొంత పరవాలి. బిడ్డను వేసేముందు బియ్యం బస్తా పెట్టి గట్టిగా ఊపి చూడండి. స్ప్రింగు ఉయ్యాలయితే కొక్కెం అరిగిందేమో, చుట్టలు సాగాయేమో వారానికోసారి చూడాలి. బోర్లా పడటం మొదలైన రోజు నుంచి ఉయ్యాల మానెయ్యాలి.

మీ పెద్దబ్బాయి సంగతి ఇంకా ముఖ్యం. ఐదారేళ్ల నుంచి పది, పన్నెండేళ్ల పిల్లలు ఖాళీ చీర ఉయ్యాల్లో గిర్రున తిరుగుతూ ఆడుకుంటారు. మెలిపడిన చీర మెడకు బిగుసుకుని చనిపోయిన ఘటనలు మన దేశంలో ఉన్నాయి. బిడ్డను తీయగానే చీరను పైకి చుట్టి, పిల్లవాడికి అందనంత ఎత్తున దూలానికి ముడేయండి. ఊపే పని కూడా వాడికి అప్పగించొద్దు.

ప్రశ్న: బొడ్డుతాడు ఊడాక దిష్టికని మెడలో నల్లదారం, తాయెత్తు కట్టారు. నిద్రలో తీయాలా? (ఉదయగిరి)

మెడలోది నిద్రకే కాదు, ఎప్పుడూ వద్దు. ఉయ్యాల ముడికో తొట్టి మేకుకో తగులుకుంటే ఉరిపడుతుంది. మొలతాడు ఉంచుకోండి, వేలు సులువుగా దూరేంత వదులుండాలి, పూసలు, పిన్నీసులు ఉండకూడదు. దిష్టి చుక్క అరికాలికి పెట్టినా దిష్టి చుక్కే.

ప్రశ్న: రోహిణి కార్తెలో మా మిద్దె మీద గది నిప్పుల కొలిమి. కరెంటు పోతుంటుంది. ఏసీలో పెడితే జలుబు చేస్తుందంటారు, బయట పెడితే ఉడికిపోతున్నాడు. రెండో నెల. (ఒంగోలు)

ఏసీతో జలుబు రాదు, జలుబు వైరస్‌తో వస్తుంది. 25, 26 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా చూడండి. కూలరయితే కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గది ఉక్కపోస్తుంది. ఫ్యాను ఎంత తిరిగినా ఫరవాలేదు.

పల్చని నూలు చొక్కా ఒకటి చాలు. ఇంట్లో టోపీ, మేజోళ్లు తీసెయ్యండి. పసిబిడ్డ ఒంట్లో తల వాటా పెద్దది, వేడి ఎక్కువగా బయటికి పోయేది అక్కడినుంచే. మన దగ్గర మే నెలలో కూడా ఉన్ని టోపీతో ఆసుపత్రికి వచ్చే బిడ్డలు ఉన్నారు! అరచేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని ఇంకో గుడ్డ చుట్టొద్దు, అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చేయి పెట్టి చూడండి. అక్కడ చెమటగానో కాలుతున్నట్టో ఉంటే వేడి ఎక్కువైనట్టు.

మిద్దె గది మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా వదిలేసి, కింది వాటాలో ఎదురెదురు కిటికీలున్న గదికి మారండి. కిటికీకి తడిపిన నూలుగుడ్డో వట్టివేళ్ల తడికో కట్టండి. ఉయ్యాల మీద, దోమతెర మీద మాత్రం తడిగుడ్డ కప్పొద్దు, లోపల గాలి ఆగిపోతుంది. ఆరు నెలలలోపు నీళ్లు పట్టొద్దు, ఇంత ఎండలోనూ తల్లిపాలే చాలు. ఎండాకాలం ఇంకో రెండు మూడు సార్లు ఎక్కువ తాగించండి, మీరు నీళ్లు బాగా తాగండి. రోజుకు ఆరు గుడ్డలకు తక్కువ తడిపినా, పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా ఇంట్లో మందు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరమంటే ఎప్పుడూ అత్యవసరమే.

ప్రశ్న: స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తేనే హాయిగా నిద్రపోతుంది. పగలు దోమలకు గొడుగు దోమతెర పెడుతున్నాం. (పొదిలి)

హాయిగా నిద్రపోయేది గోరువెచ్చని నీళ్లకు, ఒళ్లు రుద్దడానికి. పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, బొగ్గుల నిప్పు దగ్గర కాలిన గాయాలూ జరుగుతుంటాయి. జుట్టు తుడిచి గాలికి ఆరనిస్తే సరిపోతుంది. దోమల చక్రం, అగరొత్తి, ఇంట్లో బీడీ, సిగరెట్, అన్నిటికీ ఇదే మాట. వీటిలో పొగాకు పొగ అన్నిటికంటే చెడ్డది, నిద్రలో మరణాల ప్రమాదాన్ని బాగా పెంచేది అదే.

దోమతెర మంచిది. డెంగీ దోమ పగలే కుడుతుంది. గొడుగు తెర అంచు బిడ్డకు అన్ని వైపులా జానెడు ఎడంగా ఉండాలి. తెరతో పాటు వచ్చే చిన్న పరుపు మెత్తగా ఉంటే పరుపు తీసి తెర ఒక్కటే నేల పక్క మీద వాడండి, దానితో ఇచ్చే బుల్లి దిండు అవతల పెట్టండి. బిడ్డ దొర్లడం మొదలెట్టాక గొడుగు తెరను తనే లాగి మీద వేసుకుంటుంది. అప్పుడు నాలుగు మూలలా కట్టే పెద్ద తెరకు మారాలి.

ప్రశ్న: విదేశం నుంచి మా అన్న ఊగే కుర్చీ పంపాడు. బెల్టు కూడా ఉంది. అందులో పడుకోబెట్టొచ్చా? (నెల్లూరు)

మెలకువలో కూర్చోబెట్టుకోండి. నిద్రలోకి జారగానే తీసి చదునైన పక్క మీద వేయండి. ఏటవాలుగా కూర్చున్నప్పుడు తల బరువుకు మెడ ముందుకు వాలుతుంది, బెల్టు దాన్ని ఆపదు. పది డిగ్రీలకు మించి వాలుండే శిశు పడకల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. కారు సీటులో నిద్రపోతే ప్రయాణం సాగినంతసేపు అలాగే ఉంచాలి, ఇంటికి రాగానే తీసెయ్యాలి.

ప్రశ్న: మధ్యాహ్నం మా నాన్న పడక కుర్చీలో మనవడిని రొమ్ము మీద వేసుకుని ఇద్దరూ కునుకు తీస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. (ఆత్మకూరు)

ఆయన మేలుకుని ఉన్నంతసేపు ముచ్చటే. కునుకు పడితే చేయి వదులవుతుంది, బిడ్డ జారి చంకకూ కుర్చీ గుడ్డకూ మధ్య ఇరుక్కుంటాడు. సోఫా, పడక కుర్చీ, పెద్దవాళ్ల నిద్ర కలిస్తే ఇంట్లో అంతకంటే ప్రమాదమైన చోటు లేదు. భోజనం తర్వాత ఎత్తుకోకుండా, భోజనానికి ముందు ఎత్తుకోమనండి.

ప్రశ్న: టంగుటూరు దగ్గర పొగాకు గ్రేడింగుకు పోతున్నాను. నాలుగో నెల బిడ్డను షెడ్డు దగ్గర వేపచెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోబెడతాను. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేరు. (టంగుటూరు)

షెడ్డు లోపల పెట్టకపోవడం మంచి పని. పొగాకు దుమ్ము బిడ్డకు పడదు. ఉయ్యాల బదులు అడుగు చదునుగా, వెడల్పుగా ఉన్న వెదురు గంప తీసుకెళ్లండి. బిడ్డ పొడవుకంటే జానెడు ఎక్కువుండాలి, లోపల ఒక్క బొంత మడతే, పైన దోమతెర. పుల్లలు పొడుచుకు రాకుండా లోపలి అంచుకు పాత గుడ్డ కుట్టండి. ఫిన్లాండ్‌లో 1938 నుంచి ప్రభుత్వం తల్లులకు ఇస్తున్న శిశు సామాన్ల అట్టపెట్టె అడుగున పరుపు వేసి చాలామంది బిడ్డను పడుకోబెట్టేవారు. అలాంటి పక్కకు ఖరీదు అక్కర్లేదు, చదును కావాలి.

పదకొండు గంటలకు ఉన్న నీడ రెండు గంటలకు అక్కడ ఉండదు. గంప పెట్టేముందు ఎండ ఎటు తిరుగుతుందో చూసుకోండి. ట్రాక్టరు, ఆటో తిరిగే దారికి దూరంగా, మీ కంటికి కనిపించేలా పెట్టండి, కుక్కలు వచ్చే చోటయితే ఒక మనిషి పక్కన ఉండక తప్పదు. ఐదుగురు తల్లులుంటే వంతుల వారీగా ఒకరు పిల్లల దగ్గర కూర్చోండి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు చేరితే ఒక కూలీని వాళ్లను చూసుకోవడానికే పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్లో రాశారు. షెడ్డు యజమానిని అదే మాట అడగండి.

పాలిచ్చే ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగి, పని చొక్కా విప్పెయ్యండి. ఆకు జిగురులో నికోటిన్ ఉంటుంది.

ప్రశ్న: పొత్తిగుడ్డలో బిగించి చుడితేనే పడుకుంటాడు. మొన్న ఒకసారి బోర్లా పడ్డాడు. (కనిగిరి)

అయితే చుట్టడం ఇవాళే ఆపండి. చేతులు కట్టేసి ఉంటే బోర్లా పడ్డ బిడ్డ మొహం ఎత్తుకోలేడు. రెండు మూడు రోజులు నిద్ర చెడుతుంది, ఓర్చుకోవాలి. వెల్లకిలా పడుకోబెట్టండి. అటూ ఇటూ రెండు వైపులా తనే దొర్లగలిగినప్పుడు, నిద్రలో బోర్లా తిరిగితే మళ్లీ మళ్లీ తిప్పాల్సిన పని లేదు. ఇంకా చిన్న బిడ్డను చుట్టేవాళ్లు ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుగా, తొడలు కప్పలా విచ్చుకునేలా చుట్టాలి. కాళ్లు చాచి బిగిస్తే తుంటి కీలు తప్పుకుంటుంది.

ప్రశ్న: జాజికాయ అరగదీసి తేనెలో నాకిస్తే మూడు గంటలు లేవదట. (వెంకటగిరి వైపు నుంచి ఒక అమ్మమ్మ)

వద్దండీ. జాజికాయ మత్తు ఇస్తుంది, ఎంత గంధానికి ఎంత మత్తో ఎవరూ కొలవలేరు. తేనెతో ఏడాదిలోపు బిడ్డకు బొట్యులిజం రావచ్చు, అది కండరాలను చచ్చుబరుస్తుంది. దగ్గు సిరప్పులూ నిద్ర కోసం పట్టకూడదు.

ప్రశ్న: నిద్రలో బిడ్డ ఊపిరి ఆగినట్టు అనిపిస్తే ముందు ఏం చేయాలి? (మార్కాపురం)

పసిబిడ్డలు ఐదు నుంచి పది సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ వేగంగా తీసుకోవడం మామూలే. ఇరవై సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వేలాడినా ఆలస్యం చేయొద్దు. అరికాలు గట్టిగా తట్టి పేరు పెట్టి పిలవండి. ఎత్తుకుని గుంజి ఊపకూడదు. కదలిక లేకపోతే ఇంకొకరిని 108కి ఫోన్ చేయమనండి, ఒంటరిగా ఉంటే స్పీకరులో పెట్టి మీరే చేయండి.

బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా వేయండి. రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టి, రెండు బొటనవేళ్లు చనుమొనల గీతకు కొంచెం కిందుగా రొమ్ము ఎముక మీద ఆనించి, నాలుగు సెంటీమీటర్ల లోతున నొక్కి పూర్తిగా వదలండి. నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు. తర్వాత తల మరీ వెనక్కి వంచకుండా నిటారుగా పెట్టి, నోరు, ముక్కు రెండూ మీ నోటితో మూసి, ఛాతీ లేచేంత చిన్న ఊపిరి రెండుసార్లు ఊదండి. మళ్లీ 30, మళ్లీ 2. బిడ్డ కదిలేదాకా, లేదా 108 వాళ్లు వచ్చి తమ చేతుల్లోకి తీసుకునేదాకా ఆపొద్దు. మధ్యలో తేరుకుని ఏడ్చినా ఆసుపత్రిలో చూపించాల్సిందే.